నిర్ణయమునకు ముందే చదువవలసిన అక్షరము

1985 డిసెంబరులో అమెరికా నుండి వెలువడు 'సైన్స్' పత్రిక యందు, కాలిఫోర్నియాలోని సీటస్ అను సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక చిన్న పత్రము, లేశమాత్రమైన డి.ఎన్.ఏ.ను పరీక్షానాళికలో రెండు లక్షల రెట్లకు పైగా పెంపొందించి, అందు ఒకానొక స్థానమున నున్న ఒకే అక్షరము సరిగా నున్నదో తప్పిపోయినదో ఒక దినము లోపలనే తేల్చి చెప్పవచ్చునని లోకమునకు తొలిసారిగా నిరూపించినది. పి.సి.ఆర్. అను పేరుతో కోవిడ్ కాలమున మన పల్లెలలో పిల్లలకు సైతము పరిచితమైన పద్ధతి అదియే. ఆ పత్రము తన శక్తిని నిరూపించుకొనుటకు ఎన్నుకొన్న వ్యాధి క్యాన్సరు కాదు. సికిల్ సెల్ రక్తహీనత. క్యాన్సరు చికిత్సకై నేడు మహానగరములలో వాడుచున్న ఉత్పరివర్తన పరీక్షలను ఇతర రంగములకు కూడ మలచుకొనవలెనని వినవచ్చుచున్న వాదమును ఆలోచించునపుడు ఈ సంగతి మన మనస్సున నుండవలయును. అడవి బిడ్డల వ్యాధి నుండి తన తొలి ఉదాహరణమును గైకొన్న విద్య, సంపన్నుల వ్యాధి చెంత పెరిగి పెద్దదై, తొలుత తనకు సాయపడిన వారి ముంగిటికి ఇంకను రాలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఆ విద్య చేయదగిన పని యెంతయో కలదు. అది యేమో, ఏ సమయమున చేయవలెనో చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సికిల్ సెల్ వ్యాధి చరిత్రయే అణుజీవశాస్త్రమునకు ప్రథమాధ్యాయము. 1949లో లైనస్ పౌలింగ్ తన సహచరులతో కూడి, ఈ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రమున ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్ వలె చలింపదనియు, కావున ఇది ఒక అణువునకే పుట్టిన వ్యాధి యనియు ప్రకటించెను. ఎనిమిదేండ్ల పిదప కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్, ఆ భేదమంతయు గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన ఒక్క స్థానమున వాలిన్ వచ్చి చేరుట వలననే కలిగినదని కనుగొనెను. పదునొకండవ క్రోమోజోము మీది బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క 'ఏ' అక్షరము 'టి'గా మారుటయే దానికి మూలము. మానవుని క్యాన్సరు కణమునందు ఇట్టి ఒక్క అక్షరపు మార్పు తొలిసారి గోచరించినది 1982లో, మూత్రాశయపు క్యాన్సరు నుండి వేరుచేసిన రాస్ జన్యువును చదివినప్పుడు. అనగా ఇంగ్రామ్ తరువాత పాతికేండ్లకు. ఆ పిమ్మట ధనమును మేధస్సును క్యాన్సరు వైపు ప్రవహించినవి. అందుకు తప్పు పట్టుటకు లేదు. 2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ అను మాత్ర, ఒకానొక జన్యుసంధానము వలన కలుగు రక్తక్యాన్సరును సంవత్సరముల తరబడి అదుపున నుంచగలుగుట ప్రపంచ వైద్యమునకే ఒక మలుపు.

క్యాన్సరు ఈ విద్యకు చేసిన మేలు ముఖ్యముగా సూక్ష్మత. కణితి నుండి రాలి రక్తములో తిరుగాడు డి.ఎన్.ఏ. తునకలు అత్యల్పములు, ఆరోగ్యవంతమైన డి.ఎన్.ఏ. నడుమ వానిని పట్టుకొనుట బండెడు వడ్లలో కలసిన కేళీ గింజలను ఏరుట వంటిది. 1999లో వోగెల్‌స్టైన్, కింజ్లర్ అను శాస్త్రజ్ఞులు, పరీక్షింపవలసిన ద్రవమును అనేకములైన చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున ఒక్క అణువు మాత్రమే ఉండునట్లు చేసి, తప్పిన అక్షరము గల అణువులెన్ని, సరియైనవి ఎన్ని యని లెక్కించు డిజిటల్ పి.సి.ఆర్. పద్ధతిని పెద్దప్రేగు క్యాన్సరు కొఱకు ప్రతిపాదించిరి. అంతకు రెండేండ్ల ముందే, 1997లో, క్యాన్సరు రోగుల రక్తములో కణితి డి.ఎన్.ఏ. కనబడుచున్నదను వార్త చదివిన డెన్నిస్ లో అను చైనీయ వైద్యుడు, తల్లి శరీరమున పెరుగు శిశువు డి.ఎన్.ఏ. కూడ తల్లి రక్తములో తిరుగాడవలెను గదా యని ఊహించి, దానిని కనుగొని చూపెను. 2008లో ఆయన హాంకాంగ్ బృందము పై రెండు ఊహలను ఒకటిగా చేర్చి, తల్లి రక్తములోని అణువులను లెక్కించి గర్భస్థ శిశువునకు తలసీమియా వంటి ఏకజన్యు వ్యాధి కలదో లేదో చెప్పు మార్గమును ప్రకటించినది. తల్లి వాహకురాలైనచో, అనగా తనకు వ్యాధి లేకయే ఒక తప్పిన ప్రతిని మోయునదైనచో, ఆమె డి.ఎన్.ఏ.లో సరియైన ప్రతులును తప్పిన ప్రతులును సరిసమానముగా నుండును. శిశువు వ్యాధిగ్రస్తమైనచో తప్పినవి కొంచెము హెచ్చును, ఆరోగ్యవంతమైనచో కొంచెము తగ్గును, తల్లి వలె వాహకమాత్రమైనచో సమముగనే నిలుచును. ఆ 'కొంచెము'ను పట్టుకొను నేర్పు క్యాన్సరు పరిశోధన పెట్టిన భిక్ష.

అయితే క్యాన్సరునందు ఈ పఠనము సాధారణముగా వ్యాధి బయటపడిన పిదప జరుగును. కణితి కనబడినది, ముక్క తీసిరి, అక్షరము చదివిరి, తగిన మందు ఎన్నుకొనిరి. క్యాన్సరుకు వెలుపల ఇదే పఠనమును అదే క్రమమున జరిపినచో ప్రయోజనములో అధికభాగము నష్టమగును. తలసీమియా శిశువు పుట్టిన తరువాత చదివిన అక్షరము తల్లిదండ్రుల దుఃఖమునకు పేరు పెట్టగలదే కాని దానిని తప్పింపజాలదు. మందులకు లొంగని క్షయకు పనిచేయని మాత్రలను ఆరు వారములు మ్రింగించిన తరువాత చదివిన అక్షరము రోగిని మాత్రమే గాక ఇంటిల్లిపాదిని ప్రమాదములో పడవైచును. కాయ తొలిచిన తరువాత చదివిన పురుగు జన్యువు రైతునకు శవపరీక్ష నివేదికయే యగును. గర్భము మూడవ నెల దాటక ముందు, తొలి మాత్ర మ్రింగక ముందు, విత్తనము భూమిలో పడక ముందు జవాబు చేతికందవలయును. ఈ మూడు జిల్లాలకు కావలసిన సాంకేతిక పరివర్తనము యంత్రములో కంటె ఈ వేళలో ఎక్కువగా నున్నదని నా దృఢవిశ్వాసము.

2016 అక్టోబరు 11 వరకు ఈ మూడింటిలో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. ప్రజలు నేటికిని మానుకోట యని పిలుచుకొను మహబూబాబాదు జిల్లాలో జనాభాలో మూడవ వంతుకు పైగా గిరిజనులు. మైదానములందు లంబాడీ తండాలు, కొత్తగూడ, గంగారము మండలముల అడవులలో కోయగూడెములు. భూపాలపల్లి జిల్లా ఉత్తరమున గోదావరిని తాకుచు, మహాదేవపూరు, పలిమెల మండలముల ద్వారా సికిల్ సెల్ వ్యాధికి పేరుమోసిన గడ్చిరోలి జిల్లాకు ఎదురుగా నిలిచినది. నీలగిరులలోని ఆదివాసులయందు ఈ వ్యాధిని మన దేశమున 1952లో తొలిసారి గుర్తించిరి. డెబ్బది యేండ్ల పిదప, 2023 జూలై 1వ తేదీన, మధ్యప్రదేశములోని షహడోల్ నుండి ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ఆరంభించిరి. తెలంగాణము, ఆంధ్రప్రదేశము సహా పదునేడు రాష్ట్రములలో నలుబది యేండ్ల లోపు వారు ఏడు కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని తుడిచివేయుట దాని సంకల్పము. సంకల్పము గొప్పది, కార్యకర్తలు అడవి దారులబట్టి గూడెములకు పోయి వ్రేలి కొసల నుండి రక్తము తీయుచున్నారు, వారి శ్రమకు నమస్కారము.

కాని వారి చేతికిచ్చిన తొలి పరీక్ష సికిల్ హిమోగ్లోబిన్ ద్రవణీయతను చూచునది. రసాయనిక ద్రావణములో రక్తపు బొట్టు వేసినప్పుడు ద్రవము మసకబారినచో సికిల్ ఉన్నదని, తేటగా నున్నచో లేదని అర్థము. సికిల్ విషయమున అది చౌకయైన మంచి పరీక్షయే. ఖమ్మము, మహబూబాబాదు ప్రాంతములలోని తండాలయందు వైద్యులు చిరకాలముగా చూచుచున్న దుఃఖము మాత్రము వేరు. అది బీటా తలసీమియా. సికిల్‌లో హిమోగ్లోబిన్ వికృతముగా తయారగును; తలసీమియాలో చాలినంత తయారే కాదు. తలసీమియా వాహకురాలి రక్తము ఈ ద్రావణములో తేటగనే నిలుచును. కోయగూడెములో సికిల్ వాహకుడైన యువకుడును, తలసీమియా వాహకురాలైన యువతియు దంపతులైనచో, అతనికి 'ఉన్నది' అనియు ఆమెకు 'లేదు' అనియు ఫలితము వచ్చును. ఇద్దరిలో ఒకరికే కలదు గనుక భయము లేదని ఆరోగ్యకేంద్రములో చెప్పి పంపుదురు. వారికి కలుగు ప్రతి శిశువునకును నాలుగింట ఒక పాలు సికిల్-తలసీమియా అను సంయుక్త వ్యాధి వచ్చు అవకాశము మాత్రము అట్లే యుండును. హెచ్.పి.ఎల్.సి. అను యంత్రము ఈ లోపమును చాలవఱకు తీర్చును. హిమోగ్లోబిన్ ఏ2 పాలు మూడున్నర శాతము మించినచో తలసీమియా వాహకత్వమును అది సూచించును. కాని మన గ్రామీణ స్త్రీలలో మిక్కిలి వ్యాప్తమైన ఇనుప లోపము ఆ ఏ2 పాలును తగ్గించి వాహకురాలిని మఱుగుపరచగలదు. సందేహము మిగిలిన చోట జన్యువునే చదువుట తప్ప గత్యంతరము లేదు.

ఆ పఠనము నేడు కష్టసాధ్యము కాదు. బీటా తలసీమియాకు కారణమగు ఉత్పరివర్తనములు ప్రపంచమున కొన్ని వందలున్నను, భారతీయులలో కనబడు వానిలో సుమారు తొంబది పాళ్ళు అయిదే అయిదు. ఈ అయిదింటికి సికిల్ అక్షరమును చేర్చినచో ఆరు ప్రశ్నలు. 1989 నుండి వాడుకలో నున్న ఆర్మ్స్ అను సరళమైన పి.సి.ఆర్. పద్ధతిలో, తప్పిన అక్షరమునకు మాత్రమే అతుకుకొనునట్లు కూర్చిన డి.ఎన్.ఏ. తునక ఒకటియు, సరియైన దానికి మాత్రమే అతుకునది మఱియొకటియు వేసి, ఏది పెరిగినదో చూచినచో ప్రశ్నకు జవాబు దొరకును. లక్షలు ఖరీదు చేయు క్యాన్సరు ప్యానెళ్ళు దీనికి అక్కరలేదు. ముందుగా మాత్రము ఒక పని జరుగవలసి యున్నది: స్వకులములోనే వివాహములు జరుపుకొను మన సమాజములలో ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క ఉత్పరివర్తనము పాలివారసత్వము వలె తరతరముల వెంట వచ్చును గనుక, ఈ జిల్లాల తండాలలోను గూడెములలోను నిజముగా నున్నవి ఆ అయిదేనా, వేరొకటి అధికముగా కలదా యని పెద్ద సీక్వెన్సింగు యంత్రముతో ఒక్కసారి సమగ్రముగా చూచి పట్టిక తయారు చేయవలయును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. సంస్థలకు అది అలవాటైన విద్యయే. పట్టిక ఒకసారి సిద్ధమైన పిదప నిత్యపరీక్ష వరంగల్లులోనే చౌకగా జరుగగలదు.

కులానుగత ఉత్పరివర్తనమన్నది గిరిజనులకే పరిమితమైన సంగతి యని ఎవరైనను తలచినచో అది పొరపాటు. జనగామ బజారులో తరతరములుగా వర్తకము చేయు వైశ్య సమాజమున, బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైమును లోపింపజేయు ఒక ఉత్పరివర్తనము అధికముగా కలదని 2006లోనే ప్రకటితమైనది. నిత్యజీవితమున దాని వలన ఏ బాధయు లేదు. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునపుడు కండరములను సడలించుటకు వాడు సక్సినైల్ కోలిన్ అను మందు మాత్రము, నిమిషములలో దిగిపోవలసినది గంటల కొలది దిగక, రోగి తనంతట ఊపిరి తీయలేని స్థితి కలుగును. 2017లో ప్రకటితమైన ఒక పెద్ద అధ్యయనము, దక్షిణాసియాలో పరీక్షించిన 263 సమూహములలో 81 సమూహములకు ఫిన్లాండు ప్రజలకంటెను, అష్కెనాజీ యూదులకంటెను బలమైన మూలపురుష ప్రభావము, అనగా కొద్దిమంది పూర్వుల వారసత్వపు ముద్ర, కలదని చూపినది. శస్త్రచికిత్సకు ముందు ఒక్క అక్షరము చదివినచో మత్తు వైద్యుడు వేఱొక మందు ఎన్నుకొనును. కథ అంతటితో ముగియును.

తలసీమియాలో అంత సులువైన ముగింపు లేదు. వ్యాధిగ్రస్తమైన బిడ్డకు రెండు మూడు వారములకొకసారి రక్తమెక్కింపవలయును. ఎక్కించిన రక్తములోని ఇనుము గుండెయందును కాలేయమునందును పేరుకొనకుండ జీవితాంతము మందు వాడవలయును. తండా నుండి బిడ్డను చంకనెత్తుకొని, కూలి విడిచి, వరంగల్లుకో ఖమ్మమునకో హైదరాబాదునకో బస్సెక్కు తల్లులు చేయు ప్రయాణములను కూడినచో ఒక జీవితములో సగమగును. మన దేశమున ప్రతి సంవత్సరము పదివేలకు పైగా శిశువులు ఈ వ్యాధితో పుట్టుచున్నారని అంచనా. ఈ సంఖ్యలో మానుకోట తండాల పాలు చిన్నదైనను, ప్రతి బిడ్డయు ఒక కుటుంబమునకు సర్వస్వము. గర్భవతి తొలిసారి ఏ.ఎన్.ఎం. వద్ద పేరు వ్రాయించుకొన్ననాడే రక్తము తీసి, ఆమె వాహకురాలైనచో ఆ వారములోనే భర్తను పరీక్షించి, ఇద్దరును వాహకులైనచో పది పండ్రెండు వారముల నడుమ మావి నుండి కణజాలము తీసి శిశువు జన్యువును చదువగలుగుట నేటి మార్గము. దీనికి స్వల్పముగా గర్భస్రావ భయము కలదు. నిపుణులు మహానగరములోనే కలరు. హాంకాంగ్‌లో తెఱచిన మార్గము ఇచటికి వచ్చిన నాడు తల్లి చేతి నరము నుండి తీసిన రక్తమే చాలును. గర్భస్థ పరీక్షలను నియంత్రించు 1994 నాటి చట్టము హిమోగ్లోబిన్ వ్యాధుల కొఱకు ఈ పరీక్షను స్పష్టముగా అనుమతించుచున్నది. అదే రక్తములో శిశువు ఆడయో మగయో కూడ తెలియును గనుక, ఆ సమాచారము యంత్రము నుండియే బయటికి రాకుండ చేయు కట్టుదిట్టము లేనిదే ఈ పరీక్షను ఏ ప్రయోగశాలకును అప్పగింపరాదు. ఆడపిల్ల పుట్టుకనే అడ్డగించు దురాచారము మన నడుమ నుండి పోలేదు. దానికి కొత్త ఆయుధమును మనమే అందించుట మహాపాతకము.

పుట్టిన బిడ్డల విషయమున సికిల్‌లో ఒక గొప్ప అవకాశము కలదు. ఆరు నెలల వఱకు శిశువులో గర్భకాలపు హిమోగ్లోబిన్ అధికముగా నుండుటచే ద్రవణీయతా పరీక్ష నమ్మదగినది కాదు. మడమ నుండి తీసి కాగితము మీద ఆరబెట్టిన రక్తపు చుక్కను జన్యుపరీక్షకు పంపవచ్చును, అది తపాలాలో చెడదు. తొలి మాసములలోనే వ్యాధి తెలిసిన శిశువులకు నిత్యము పెన్సిలిన్ ఇచ్చినచో ప్రాణాంతకమైన న్యూమోకాకస్ సంక్రమణము ఎనుబది శాతమునకు పైగా తగ్గునని 1986లో అమెరికాలో రుజువైనది. కొంచెము పెరిగిన పిల్లలకు హైడ్రాక్సీయూరియా కలదు. ఇదియు రక్తక్యాన్సరు మందుగా ప్రసిద్ధమై, 1998లో సికిల్ చికిత్సకు అమెరికాలో అనుమతి పొందినది. మందు క్యాన్సరు వార్డు నుండి గూడెమునకు నడచి రాగలిగినప్పుడు పరీక్ష మాత్రమేల రాకూడదు?

నిజమునకు ఒక పరీక్ష వచ్చియే యున్నది. భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలలోను మహాముత్తారము అడవి పల్లెలలోను క్షయ నేటికిని సామాన్యమైన వ్యాధి. రిఫాంపిసిన్ అను ప్రధానౌషధమునకు క్షయక్రిమి లొంగకపోవుటకు కారణము, తొంబది అయిదు పాళ్ళు, ఆర్.పి.ఓ.బి. అను జన్యువులో 81 అక్షరముల చిన్న తునకలో కలుగు ఉత్పరివర్తనములే. పూర్వము తెమడను పోషక పదార్థముపై పెంచి, మందు వేసి చూచి, ఫలితము చెప్పుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టెడిది. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రము రెండు గంటలలో ఆ 81 అక్షరములను తడవి చూడగలిగినది. అటుపిమ్మట గోవాలో తయారగుచున్న ట్రూనాట్ అను దేశీయ యంత్రము, బ్యాటరీతో పనిచేయుచు, ఎయిర్ కండిషను గది అక్కరలేక, చిన్న దవాఖానలలో సైతము నిలువగలిగి, 2020లో అదే సంస్థ ఆమోదమును పొందినది. కోవిడ్ వచ్చినప్పుడు ఆ పెట్టెయే చిప్పు మార్చుకొని కొత్త వ్యాధిని కూడ పట్టినది.

ఈ సాఫల్యమునకు మూలమేమని ఆలోచించినచో మూడు సంగతులు ఒకదానితో నొకటి పెనవేసికొని కనబడును. రోగికి బదులు తెమడ డబ్బాయే ప్రయాణము చేసినది; నిపుణుని చేతివాటముపై ఆధారపడక పరీక్ష అంతయు మూసిన గుళికలోనే జరిగినది; అన్నింటికంటె ముఖ్యముగా, జవాబు వచ్చిన వెంటనే దానికి తగిన మందు ప్రభుత్వము చేతిలోనే ఉచితముగా సిద్ధముగా నున్నది. ఈ మూడవ సంగతి లేని చోట ఉత్పరివర్తన పరీక్ష వట్టి కాగితమే. క్షయలోను ఒక లోపము మిగిలియే యున్నది. రిఫాంపిసిన్‌కు లొంగుచు ఐసోనయాజిడ్‌కు లొంగని క్రిమిని ఈ తొలి పరీక్ష పట్టజాలదు. దానికి కాట్‌జీ, ఇన్‌హెచ్‌ఏ జన్యువులను చూచు లైన్ ప్రోబ్ పరీక్ష కావలయును, అది పెద్ద ప్రయోగశాలలకే పరిమితము. మాత్రలు మొదలుపెట్టిన తరువాత చాల దినములకు వచ్చు ఆ ఫలితమును ముందునకు జరుపుట అవసరము.

ఇక పత్తి. ఈ విషయమున ఈ నేల ఎంత రక్తకన్నీరు కార్చినదో తెలియనివారు తెలుగునాట లేరు. 1997-98 పంటకాలమున నాటి వరంగల్లు జిల్లాలో లద్దె పురుగును శనగపచ్చ పురుగును పత్తిని నాశనము చేయగా, అప్పు తెచ్చి కొన్న మందులు పురుగుకు పనిచేయక, అవే మందులు త్రాగి రైతులు ప్రాణములు విడిచిరి. పురుగు మందునకు లొంగకపోవుటయు ఉత్పరివర్తన ఫలమే. నాడు దానిని చదువువారు లేరు. 2002లో బీటీ పత్తి వచ్చినది, కొన్నేండ్లు ఊరట కలిగినది. 2008లో గుజరాతులో గులాబీ రంగు పురుగు బీటీలోని తొలి విషమునకు తట్టుకొనుట కనబడినది. 2006లో వచ్చిన రెండు విషముల బీజీ-2 పత్తిని కూడ తట్టుకొనుట 2014-15 నాటికి అక్కడనే అది నేర్చినది. నేడు జనగామ చెలకలలోను మానుకోట నల్లరేగళ్ళలోను గుడ్డిపూలు చూడని పత్తిరైతు లేడు.

ఇందొక చిన్న లెక్క కలదు. దానిని గ్రహించినచో ఈ విద్య విలువ బోధపడును. బీటీ విషమును తట్టుకొను గుణము సాధారణముగా అంతర్గతమైనది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు తప్పిన ప్రతులు కలిసినప్పుడే పురుగు బ్రదుకును. తప్పిన ప్రతుల పాలు నూటికి ఒకటి యైనప్పుడు, రెండును కలిగి బ్రదుకగల పురుగు పదివేలకు ఒకటి. ఒకటే కలిగి, చూచుటకు మామూలుగా నుండు వాహక పురుగులు ఏబదింట ఒకటి. పురుగులకు విషాహారము పెట్టి చావు బ్రతుకులు చూచు పాత పద్ధతి ఆ పదివేలలో ఒకదాని కొఱకే వెదకును. జన్యువును చదువు పద్ధతి ఏబదింట ఒకదానిని పట్టును. తండాలో ఆరోగ్యముగా కనబడు వాహకురాలిని పట్టు సూత్రమే ఇదియును. అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా, టెక్సస్ రాష్ట్రములలో 2001 నుండి 2005 వఱకు అయిదువేలకు పైబడిన గులాబీ పురుగుల క్యాడ్‌హెరిన్ జన్యువును చదివి, ప్రతిరోధము ఇంకను రాలేదని నిశ్చయించుకొని, ఆ నిశ్చయము మీద ఆధారపడి కార్యక్రమములను నడిపిరి. 2018లో ఆ దేశపు పత్తి మండలములనుండి ఈ పురుగు నిర్మూలితమైనదని ప్రకటించిరి. మన దేశమున 450 గ్రాముల బీటీ విత్తనముతో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీయేతర విత్తనపు పొట్లము గట్ల వెంట నాటబడక మూలపడినది. పురుగులలో జన్యువును చదువువారును లేకపోయిరి.

మన పురుగులో క్యాడ్‌హెరిన్ మార్పులు ఒకటి రెండు గాక అనేక విధములుగా నున్నవని 2014 నాటి అధ్యయనము తెలిపినది. రెండవ విషమునకు లొంగకపోవుటకు ఏ.బి.సి.ఏ.2 అను వేఱొక జన్యువు కారణమని 2018లో తేలినది. కావున అరిజోనాలో వలె మూడు ప్రశ్నల చిన్న పరీక్ష ఇచట చాలదు. కణితి జన్యువుల వందలాది స్థానములను ఒక్కసారి చదువు ప్యానెల్ విధానమే ఇచట తగినది. క్యాన్సరు నుండి నేరుగా ఎత్తి తేదగినది ఇదియే. పురుగులను పెంచవలసిన పనియు లేదు. రైతులు పొలములలో కట్టు లింగాకర్షక బుట్టలలో పడిన మగ రెక్కల పురుగులను ఎండబెట్టి పంపినచో చాలును. వరంగల్లు వ్యవసాయ పరిశోధన స్థానము బచ్చన్నపేట మొదలు మహాదేవపూరు వఱకు మండలమునకు కొన్ని బుట్టల చొప్పున సేకరింపగలదు. ఏ మండలమున వాహకుల పాలు పెరుగుచున్నదో ఫిబ్రవరి మార్చి నాటికి తెలిసినచో, రాబోవు వానకాలమునకు అచట ఏ విత్తనము వేయవలెనో, పంటను డిసెంబరుకే ముగింపవలెనో, కందియో మొక్కజొన్నయో వేయుట మేలో రైతునకు విత్తులు కొనక ముందే చెప్పవచ్చును. వరి రంగమున అక్షరపఠనము మనవారికి కొత్త కాదు, సి.సి.ఎం.బి.యు రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థయు కలిసి, ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను జన్యుచిహ్నముల సాయముతో సాంబమసూరిలో కూర్చి 2008లో విడుదల చేసిరి. సాధ్యతను గుఱించిన సందేహమునకు తావు లేదు.

మనుష్యుల విషయమున సందేహము కలదు, అది సాధ్యతను గుఱించినది కాదు. వాహకత్వము వ్యాధి కాదు. కాని తండాలో ఒక పిల్లకు 'వాహకురాలు' అని కార్డు ఇచ్చిననాడు, ఆ కార్డు ఆమె పెండ్లికి అడ్డుగోడ యగును. అదే కార్డు గల పిల్లవానికి ఆ బాధ సగము కూడ ఉండదు. 1970ల తొలినాళ్ళలో అమెరికాలో నల్లజాతి వారిని తొందరపాటుగా పరీక్షింపగా, ఏ జబ్బును లేని వాహకులు సైతము ఉద్యోగములలోను బీమాలోను వివక్షకు గురియైరి. సైప్రసు ద్వీపమున మాత్రము 1980లలో, పెండ్లికి ముందు పరీక్ష జరిగినదని ధ్రువపత్రము కావలెనని చర్చియే కోరినను, ఆ పత్రముపై ఫలితము వ్రాయరాదనియు, అది దంపతులకే చెప్పవలెననియు నియమించిరి. పెండ్లి మానుకొనుమని ఎవరును చెప్పలేదు. కొన్నేండ్లలో తలసీమియా శిశువుల జననము దాదాపు ఆగిపోయినది. నాకు సైప్రసు మార్గమే సమ్మతము. బడికి పోవు బాలికలకు కార్డులు పంచు పద్ధతిని మాని, గర్భవతులను, వారి భర్తలను తొలి నెలలలో పరీక్షించుటయు, పుట్టిన శిశువులను పరీక్షించుటయు ముందు చేయవలసిన పనులని భావింతును. ఫలితమును లంబాడీల గోర్ బోలిలోను కోయభాషలోను కూర్చుండి నెమ్మదిగా చెప్పగల స్త్రీలు, ఆ సమాజములవారే, ఇందుకు శిక్షణ పొందవలయును. యంత్రము కొనుటకు టెండరు పిలుచుట సులభము. అట్టి పదిమంది స్త్రీలను తయారుచేయుటకు రెండు మూడేండ్లు పట్టును గనుక ముందుగా మొదలుపెట్టవలసినది అదియే.

స్థలమునకు కొదువ లేదు. 1959లో స్థాపితమైన వరంగల్లు కాకతీయ వైద్య కళాశాలకు కోవిడ్ పి.సి.ఆర్. పరీక్షల అనుభవము కలదు. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. మూడు కళాశాలలలో రక్తమును తెమడను సేకరించి, వరంగల్లులో చదివి, జవాబును వారము లోపల తిరిగి పంపు ఒక్క గొలుసు చాలును. వారమని గడువు పెట్టుటకు కారణము కలదు: తండాలో గర్భిణి సాధారణముగా రెండు నెలలు నిండిన పిదపనే నమోదగును, తరువాత భర్త పరీక్షకు ఒక వారము, హైదరాబాదు ప్రయాణమునకు ఒక వారము పోగా మిగులునది అంతయే. భర్త అనేకచోట్ల హైదరాబాదు భవన నిర్మాణములలోనో మిరపకోతలకో వలసపోయి యుండును. ఆతని రక్తము ఆతడున్న చోటనే తీయు ఏర్పాటు ఈ గొలుసులో లేకపోయినచో సగము దంపతుల విషయమున పరీక్ష అసంపూర్ణముగనే నిలిచిపోవును.

మఱియొక చిక్కు గోదావరికి ఆవల నున్నది. కాళేశ్వరము నుండి వంతెన దాటినచో సిరొంచ. అచటి వారిలో పెక్కుమంది తెలుగు మాటలాడువారు. ఏటికి ఇరువైపుల వియ్యములు సాగుచున్నవి. మహాదేవపూరులో పరీక్షింపబడిన కోడలి ఫలితము మహారాష్ట్ర పట్టికలో నుండదు. సిరొంచలో పరీక్షింపబడిన ఆమె భర్త ఫలితము తెలంగాణ పట్టికలో నుండదు. ఇరు రాష్ట్రములును ఒకే విధమైన పరీక్షను, ఒకే విధమైన రహస్య సంఖ్యను అంగీకరించి, దంపతుల సమ్మతితో ఫలితములను పరస్పరము చూచుకొను ఒడంబడికను భూపాలపల్లి, గడ్చిరోలి జిల్లాల కలెక్టర్లు తమ స్థాయిలోనే ఆరంభింపవచ్చును. దీనికి పార్లమెంటు చట్టము కొఱకు వేచియుండ నక్కరలేదు.